గడువు తీరిన కాగితాలు: పాత రైల్వే టైమ్‌టేబుళ్లు, మ్యాపుల్లో ఏముంది?

పాత రైల్వే టైమ్‌టేబుల్ ఏది చేతికొచ్చినా దాని ఆయుష్షు అట్ట మీదే రాసి ఉంటుంది. ఫలానా తేదీ నుంచి అమలు అని ఒక తేదీ, కొన్నిటి మీద ఫలానా తేదీ వరకు అని మరొకటి. ఆ గడువు దాటిన మర్నాటికి అది చిత్తు కాగితం. పైగా పాతదాన్ని దగ్గరుంచుకోవడం ప్రమాదం కూడా. పొరపాటున దాన్నే చూసుకుని బయలుదేరితే బండి తప్పిపోతుంది. అందుకే కొత్త సంచిక రాగానే స్టేషన్లలో పాతవి పనిగట్టుకుని తీసేసేవారు. ఇళ్లలో ఉన్నవి పొయ్యి రాజేయడానికి పోయేవి. వేలల్లో, లక్షల్లో అచ్చయిన కాగితం ఇవాళ ఒకటీ అరా దొరకడం వెనక ఉన్న కారణం ఇంతే. పుస్తకాన్ని దాచుకోవడానికి వేస్తారు, టైమ్‌టేబుల్‌ని మాత్రం వాడి పారేయడానికే వేశారు.

వీటిని సేకరించేవాళ్లలో చాలామంది టైమ్‌టేబుళ్లను, మ్యాపులను రెండు వేర్వేరు వస్తువులుగా చూస్తారు. మ్యాపులో రంగులుంటాయి, ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోవచ్చు. టైమ్‌టేబుల్‌లో అంకెలు తప్ప ఏమీ ఉండవు కాబట్టి దానికి గిరాకీ తక్కువ. ఇలా విడదీయడం వల్ల రెండిటి విలువా సగం పోతుంది. తనను జనం ఎలా చూడాలని రైల్వే కంపెనీ కోరుకుందో మ్యాపు చెబుతుంది. అది రోజువారీగా ఏం చేస్తానని మాటిచ్చిందో టైమ్‌టేబుల్ చెబుతుంది. మ్యాపులో లావుపాటి ఎర్ర గీతగా కనిపించే లైను టైమ్‌టేబుల్‌లోకి వచ్చేసరికి రోజుకు ఒకే ఒక్క బండిగా తేలవచ్చు. అది కూడా గూడ్స్ వ్యాగన్లు తగిలించుకుని నడిచే మిక్స్‌డ్ బండి, ఆదివారం లేదు! ఒకే ఏడాదివి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఈ తేడా కంటబడదు.

అచ్చు టైమ్‌టేబుళ్ల చరిత్రలో ముందుగా వినిపించే పేరు జార్జ్ బ్రాడ్‌షా. మాంచెస్టర్‌లో మ్యాపులు చెక్కి అచ్చువేసే వృత్తిలో ఉన్న ఈయన 1839 అక్టోబర్‌లో, అప్పటికి నడుస్తున్న కొన్ని కంపెనీల బండ్ల వేళలు ఒకచోట చేర్చి చిన్న పుస్తకం వేశాడు. రైల్వే టైమ్‌టేబుల్‌కి పేరు తెచ్చిన మనిషి మ్యాపుల పనివాడు కావడం గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఈ రెండు కాగితాలూ పుట్టుకతోనే తోబుట్టువులు. బ్రాడ్‌షా క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు. అన్యదేవతల పేర్ల మీద వచ్చిన నెలల పేర్లు వాడటం ఆ శాఖ వారికి ఇష్టం ఉండేది కాదు, నెలలన్నిటినీ అంకెలతోనే చెప్పేవారు. అందుకని మొదటి సంచిక మీద అక్టోబర్ అని లేదు, పదో నెల అని ఉంది. 1841 చివర నుంచి అది మాసపత్రికలా నెలనెలా రావడం మొదలైంది. 1845లో 32 పేజీలున్న పుస్తకం 1898కి 946 పేజీలైంది. యాభై మూడేళ్లలో ఒక దేశపు రైలు వ్యవస్థ ఎంత పెరిగిందో కొలవడానికి ఆ పుస్తకం మందాన్ని మించిన కొలబద్ద అక్కర్లేదు. 1853లో బ్రాడ్‌షా నార్వేలో కలరాతో చనిపోయినా ఆయన పేరుతో సంచికలు 1961 దాకా వచ్చాయి.

ఆ సంచికల సంఖ్యల్లో ఒక చిక్కు ఉంది. 1845లో 40 తర్వాతి సంచికకు ఏకంగా 141 అని నంబరు పడింది. ఇది తెలియని కొత్త సేకర్త మధ్యలో వంద సంచికలు పోయాయనుకుని వెతుకుతూ కూర్చుంటాడు. అవి అసలు లేనే లేవు.

ఇంగ్లండ్‌లో మొదలైన ఈ పద్ధతి త్వరలోనే మిగతా చోట్లకు పాకింది. అమెరికాలో అన్ని కంపెనీల వేళలూ కలిపిన అఫీషియల్ గైడ్ 1868లో మొదలైంది. థామస్ కుక్ కంపెనీ యూరప్ బండ్ల టైమ్‌టేబుల్‌ని 1873లో తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంతో 1939లో ఆగిపోయిన ఆ ప్రచురణ మళ్లీ 1946లో గానీ రాలేదు. ఆగిపోవడానికి ముందు వచ్చిన సంచికలు చూస్తే, సరిహద్దులు దాటి రాత్రంతా నడిచే బండ్లు, వాటికి తగిలించే స్లీపర్ పెట్టెలు, ఏ పెట్టె ఎక్కడ విడిపోయి ఏ ఊరికి వెళుతుందో చెప్పే ఫుట్‌నోట్లు అన్నీ యథావిధిగా ఉంటాయి. కొద్ది వారాల్లో ఆ సరిహద్దులు మూసుకుపోతాయన్న సూచన ఏ పేజీలోనూ కనిపించదు.

టైమ్‌టేబుళ్లు చేసిన అసలు పెద్ద పని మరొకటుంది. ఊరూరికీ వేరుగా ఉండే సమయాన్ని అవి ఒకటి చేశాయి. రైళ్లు రాకముందు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. నడినెత్తిన సూర్యుడు వచ్చినప్పుడు పన్నెండు. బండి పడమటికి వెళ్లేకొద్దీ స్టేషన్ గడియారాలు వెనకబడుతుంటే టైమ్‌టేబుల్ వేయడం ఎలా? గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లో తన స్టేషన్లన్నిటికీ లండన్ సమయాన్నే పెట్టుకుంది. అప్పటి టైమ్‌టేబుల్ కాగితం మీద ప్రయాణికుల కోసం ఒక గమనిక ఉండేది: లండన్ సమయం రెడింగ్ సమయం కంటే సుమారు 4 నిమిషాలు ముందు, బాత్, బ్రిస్టల్ సమయాల కంటే 11 నిమిషాలు ముందు. ఊరి గడియారం చూసుకుని తీరిగ్గా వచ్చినవాడికి ఆ పదకొండు నిమిషాల్లో బండి వెళ్లిపోయేది. బ్రిస్టల్ కార్న్ ఎక్స్ఛేంజ్ గోడ మీది గడియారానికి ఇప్పటికీ రెండు నిమిషాల ముళ్లున్నాయి, ఒకటి ఊరి సమయానికి, ఇంకొకటి లండన్ సమయానికి.

అమెరికాలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. కంపెనీలు వాడే సమయాలే దాదాపు యాభై రకాలుండేవి. 1883 నవంబర్ 18న ఆ కంపెనీలన్నీ కలిసి ప్రామాణిక కాల మండలాలకు మారాయి. ఆ మార్పును దగ్గరుండి నడిపించిన విలియం అలెన్ అప్పట్లో అఫీషియల్ గైడ్ సంపాదకుడు. రోజూ ఆ అంకెలతో కుస్తీ పట్టేవాడికే ఆ బాధ బాగా తెలిసుండాలి. ప్రభుత్వం ఈ మండలాలను చట్టం చేసింది 1918లో, అంటే ముప్పై అయిదేళ్ల తర్వాత. భారతదేశంలో రైళ్లు చాలాకాలం మద్రాసు సమయం మీద నడిచాయి. 1906 జనవరి 1న వచ్చిన భారత ప్రామాణిక సమయం దానికంటే సుమారు 9 నిమిషాలు ముందుంటుంది. ఇలాంటి మార్పులకు అటూ ఇటూ ఉన్న సంచికలు ఎవరి దగ్గరైనా జంటగా ఉంటే అవి పదిలంగా చూసుకోవాల్సిన కాగితాలు. బండి మారదు, దారి మారదు, అంకెలు మాత్రం వరసగా జరిగిపోతాయి.

ఇక ఒక పేజీని దగ్గరగా చూద్దాం. స్టేషన్ల పేర్లు నిలువుగా ఒక వరస, వాటి పక్కన ఒక్కో బండికి ఒక్కో నిలువు గడి. అమెరికన్ టైమ్‌టేబుళ్లలో ఒకే స్టేషన్ల వరసకు ఎడమవైపు గడులను పైనుంచి కిందికి, కుడివైపు గడులను కిందినుంచి పైకి చదవాలి. మధ్యాహ్నానికి ముందు వేళలు పలుచని అచ్చులో, తర్వాతివి లావు అచ్చులో ఉంటాయి. ఈ సంగతి తెలియకుండా చదివితే రాత్రి బండి పొద్దుటి బండిలా కనిపిస్తుంది. అంకె పక్కన ఎఫ్ అన్న చిన్న అక్షరం ఉంటే, చెయ్యో జెండానో ఊపితే తప్ప బండి అక్కడ ఆగదని అర్థం. ఆ ఒక్క అక్షరం ఆ ఊరి రాకపోకలు ఎంత పలచనో చెప్పేస్తుంది. తర్వాతి సంచికల్లో ఆ ఊరి ఎదురుగా చుక్కలు వస్తాయి. ఆ తర్వాత పేరే ఉండదు. ఇలా ఒక స్టేషన్ మెల్లగా ఆరిపోవడం వరస సంచికలు దగ్గరుంటేనే తెలుస్తుంది.

ఆఖరి మజిలీని కూడా జాగ్రత్తగా చూడాలి. పెద్ద స్టేషన్ నుంచి బయలుదేరిన బండి మొదటి ఆగుకు 12 నిమిషాల్లో చేరిందనుకుందాం. తిరుగు ప్రయాణంలో అదే దూరానికి 25 నిమిషాలు చూపిస్తే ఆ అదనపు 13 నిమిషాలు దారి వల్ల వచ్చినవి కావు. ఆలస్యమైనా సమయానికి చేరినట్టు లెక్క తేలడానికి ముందుగానే దాచుకున్న వెసులుబాటు అది. ఇలా ఒక లైను మీద ఏయే ఏళ్లలో ఈ వెసులుబాటు పెరిగిందో గుర్తిస్తే, ఆ లైను ఎప్పుడు ఒత్తిడిలో పడిందో అంచనా కట్టవచ్చు. అయితే ఒక హద్దు మరవకూడదు. టైమ్‌టేబుల్ ఇచ్చేది మాట మాత్రమే. ఆ రోజు బండి నిజంగా ఎన్నింటికి వచ్చిందో అందులో ఉండదు. దానికి గార్డు డైరీలు, స్టేషన్ రిజిస్టర్లు చూడాలి.

ప్రయాణికులకు ఇచ్చే టైమ్‌టేబుల్ కాక, సిబ్బంది కోసం అచ్చేసిన వర్కింగ్ టైమ్‌టేబుల్ అని మరొకటి ఉంటుంది. సమాచారం దృష్ట్యా సేకరణలో అన్నిటికంటే చిక్కనిది అదే. గూడ్స్ బండ్లు, ఖాళీ పెట్టెలు, బండి ఆగకుండా దాటే స్టేషన్ల వేళలు, సింగిల్ లైను మీద ఏ బండి ఎక్కడ లూప్‌లో, అంటే పక్క పట్టాల మీద ఆగి ఎదురు బండికి దారివ్వాలన్నది, వేగ పరిమితులు అన్నీ ఉంటాయి. రేడియోలు, కంప్యూటర్లు లేని రోజుల్లో అమెరికన్ సింగిల్ లైన్ల మీద బండి కదలడానికి అధికారమే ఆ కాగితం. బండి తన వేళకంటే 12 గంటలు మించి ఆలస్యమైతే దానికి ఆ టైమ్‌టేబుల్ ఇచ్చిన హక్కు పోయేది. తర్వాత కదలాలంటే కొత్త ఆర్డరు రావాలి. అట్ట మీద సిబ్బందికి మాత్రమే అని ఉన్న ఈ పుస్తకాలు తక్కువ అచ్చయ్యేవి, గడువు తీరగానే వెనక్కి తీసుకునేవారు. మాసిపోయి, నూనె మరకలతో ఉన్నా సరే, ఇలాంటిది కనిపిస్తే వదులుకోకూడదు.

మ్యాపుల సంగతి వేరు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కంపెనీ మ్యాపుల్లో తమ లైను తాడు కట్టి లాగినట్టు తిన్నగా, నల్లగా ఉంటుంది. పోటీ కంపెనీ లైను సన్నగా వంకర్లు పోతుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. తమ లైను వెళ్లే రాష్ట్రాన్ని అటూ ఇటూ సాగదీసి గీయడం కూడా మామూలే. ర్యాండ్ మెక్‌నాలీ సంస్థ టికెట్లు, టైమ్‌టేబుళ్లు అచ్చువేసే పని నుంచి మ్యాపుల్లోకి వచ్చింది. 1872లో తన రైల్వే గైడ్‌లో మొదటి మ్యాపు వేసింది. మైనం పూసిన పలక మీద గీతలు గీసి దాన్నుంచి అచ్చు పలక తయారుచేసే పద్ధతి వాళ్లది. కొత్త లైను పడినప్పుడు మొత్తం మళ్లీ చెక్కకుండా సవరించుకోవచ్చు. అందువల్ల ఒకే మ్యాపు చిన్న చిన్న తేడాలతో ఏళ్ల తరబడి వచ్చింది. ఆ తేడాలు పట్టుకోవడంలో గంటలు తెలియకుండా గడిచిపోతాయి.

అన్నిటికంటే నిజాయితీ గల మ్యాపులు డబ్బు పంచుకోవడానికి వేసినవి. బ్రిటన్‌లో ఒక ప్రయాణికుడు మూడు కంపెనీల పట్టాల మీదుగా వెళితే టికెట్ డబ్బు ఎవరికి ఎంత? ఆ లెక్కలు తేల్చడానికి 1842లో రైల్వే క్లియరింగ్ హౌస్ ఏర్పడింది. అక్కడ పనిచేసిన జాన్ ఎయిరీ జంక్షన్ల మ్యాపులు గీసి ప్రచురించాడు. తర్వాత ఆ సంస్థే వాటిని తన పేరుతో కొనసాగించింది. ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు, ఒక జంక్షన్ నుంచి ఇంకో జంక్షన్‌కి దూరం మైళ్లలో, చెయిన్లలో. ఒక చెయిన్ అంటే సుమారు 20 మీటర్లు. అంత దగ్గరగా కొలవడానికి కారణం ఆ దూరం ఆదాయం కావడమే. చూపుకి ఇవి వైరింగ్ బొమ్మల్లా ఉంటాయి. గోడకు పెట్టుకోవడానికి ఎవరూ కొనరు గానీ, పరిశోధన చేసేవాళ్లకు ఇవి లేనిదే పని జరగదు.

లండన్ భూగర్భ రైళ్లకు ఎలక్ట్రికల్ డ్రాఫ్ట్స్‌మన్ హ్యారీ బెక్ 1931లో గీసిన మ్యాపు కథ చాలామందికి తెలుసు. దూరాలను వదిలేసి, అడ్డం, నిలువు, 45 డిగ్రీల ఏటవాలు గీతలతో గీసిన ఆ బొమ్మను అధికారులు మొదట తిప్పికొట్టారు. 1933 జనవరిలో జేబు మ్యాపుగా జనంలోకి వెళ్లాక అదే ప్రపంచమంతటికీ నమూనా అయింది. న్యూయార్క్‌లో 1972లో మాసిమో విన్యెలీ సంస్థ చేసిన సబ్‌వే మ్యాపు ఆ దారిలోనే వెళ్లింది. అందులో సెంట్రల్ పార్క్ దాదాపు చతురస్రంగా, బూడిద రంగులో ఉండటం జనానికి నచ్చలేదు. పైకి వచ్చి నడిచేవాళ్లకు ఆ బొమ్మతో దారి దొరకలేదు. 1979లో దాన్ని మార్చేశారు. ఏడేళ్లు మాత్రమే చెలామణీలో ఉన్న ఆ మ్యాపులంటే డిజైన్ మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఇవాళ ప్రాణం.

మ్యాపు, టైమ్‌టేబుల్ కలిపి చదవాల్సిన అవసరం లైన్లు మూతపడిన చోట బాగా తెలుస్తుంది. 1963లో బ్రిటన్‌లో వచ్చిన బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు, సుమారు 5,000 మైళ్ల లైన్లు మూసేయమంది. దాని రెండో భాగం మొత్తం మ్యాపులే. ఆ మ్యాపుల పక్కన అప్పటి టైమ్‌టేబుళ్లు పెడితే, కొన్ని శాఖా లైన్ల మీద కలవాల్సిన పెద్ద బండి వెళ్లిపోయిన కాసేపటికి చిన్న బండి చేరేలా వేళలున్నట్టు కనిపిస్తుంది. అలాంటి బండిని ఎవరెక్కుతారు? తమిళనాడులోని ధనుష్కోడిది మరో రకం కథ. 1964 డిసెంబర్ తుపానులో ఆ ఊరూ, అక్కడికి వెళ్లే లైనూ కొట్టుకుపోయాయి. అంతకుముందు సంచికల్లో పాంబన్ దాటాక ధనుష్కోడి, అక్కడి నుంచి సముద్రం మీదుగా శ్రీలంకలోని తలైమన్నార్‌కి స్టీమరు. పేజీలో ఆ వరస చూసినవాళ్లకు, అది లేని తర్వాతి పేజీ చూడటం కష్టంగానే ఉంటుంది.

సేకరణలో తరచూ ఎదురయ్యే సమస్య ఏడాది లేని కాగితం. జేబు టైమ్‌టేబుళ్ల మీద చాలాసార్లు ఆదివారం, జూన్ 15 నుంచి అని మాత్రమే ఉంటుంది. అచ్చువేసినవాళ్లకు ఏడాది చెప్పాల్సిన అవసరం కనిపించలేదు. అప్పుడు క్యాలెండరే దిక్కు. 1915, 1955 మధ్య జూన్ 15 ఆదివారం పడిన ఏళ్లు 1919, 1924, 1930, 1941, 1947, 1952. ఆరింటిలో ఒకటి తేల్చడానికి లోపల వెతకాలి. డీజిల్ బండి ప్రస్తావన ఉందా, యుద్ధకాలపు హెచ్చరికలున్నాయా, ఆ లైను అప్పటికి తెరిచారా, ప్రకటన వేసిన హోటల్ అప్పటికి కట్టారా? అమెరికన్ కాగితాల అడుగున బూతద్దంతో చూస్తే కొన్నిటికి చిన్న కోడ్ కూడా దొరుకుతుంది. నెల, ఏడాది, పక్కన 20ఎం లాంటిది. ఎం అంటే వెయ్యి, అంటే ఇరవై వేల కాపీలు అచ్చయ్యాయని. మ్యాపులకైతే తాజాగా తెరిచిన లైను ఏది, ఇంకా రాని లైను ఏది అన్న రెండు హద్దుల మధ్య ఏడాదిని బిగించవచ్చు. కానీ కట్టబోతున్న లైన్లను కట్టేసినట్టు గీసే అలవాటు కంపెనీలకు ఉండేది. కాబట్టి మ్యాపులో లైను కనిపించగానే నమ్మకుండా, ఆ లైను మీద బండి టైమ్‌టేబుల్‌లోకి ఎప్పుడు వచ్చిందో చూడాలి.

మోసపోయే అవకాశం రెండు చోట్ల ఉంది. బ్రాడ్‌షా సంచికల్లో 1910 ఏప్రిల్, 1922 జూలై లాంటివి తర్వాతి రోజుల్లో డేవిడ్ అండ్ చార్లెస్ ప్రచురణ సంస్థ పునర్ముద్రించింది. చదువుకోవడానికి అవి మంచివే, అసలువిగా అమ్మితేనే ఇబ్బంది. మ్యాపులకైతే బూతద్దం చాలు. చెక్కిన పలక నుంచి వచ్చిన గీత అంచు తెగినట్టు స్పష్టంగా ఉంటుంది. ఫొటో తీసి ఈమధ్య అచ్చువేసిన నకలులో రంగులన్నీ సన్నని చుక్కల వరసగా విడిపోతాయి.

కాగితం విషయంలో తొందర పనికిరాదు. పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి చౌక కాగితం కట్టె గుజ్జుతో తయారైంది. అందులోని ఆమ్లం లోపలి నుంచే దాన్ని తినేస్తుంది. పసుపు రంగు, అంచులు పెళుసు కావడం అందుకే. మడత మ్యాపులు ముందుగా చిరిగేది అడ్డం, నిలువు మడతలు కలిసే చోట. అక్కడ సెలోటేప్ అంటిస్తే కొన్నేళ్లలో జిగురు గోధుమరంగు మరకై మిగులుతుంది, ఆ మరక పోదు. పలుచని జపనీస్ టిష్యూ, గోధుమ పిండి జిగురు వాడటం సరైన పద్ధతి. పీవీసీ కవర్లు వద్దు, పాలిస్టర్‌వి మంచివి. తుప్పుపట్టిన పిన్నులను లాగకుండా, కాళ్లు నిటారుగా తెరిచి మెల్లగా తీయాలి. మ్యాపును రోజూ మడవడం విప్పడం మానేసి, ఒక్కసారి స్కాన్ చేసుకుని ఆ బొమ్మతోనే పని చేసుకోవాలి.

శుభ్రమైన కాపీకే ఎక్కువ వెల కట్టడం ఈ రంగంలో అలవాటుగా మారింది. అది సరైన కొలత అనిపించదు. ఒక బండి పక్కన పెన్సిల్‌తో టిక్కు, మార్జిన్‌లో కనెక్షన్ కోసం చేసుకున్న కూడిక, మారిన వేళ మీద అతికించిన సవరణ చీటీ, కౌంటర్ దగ్గర వేలాడదీయడానికి మూలలో పొడిచిన రంధ్రం, ఇవన్నీ ఆ కాగితం పని చేసిందనడానికి గుర్తులు. వాటిని రబ్బరుతో చెరిపి అమ్మేవాళ్లు తెలియక నష్టం చేస్తున్నారు.

అచ్చు టైమ్‌టేబుళ్ల కాలం చాలా చోట్ల అయిపోయింది. థామస్ కుక్ 2013లో ఆపింది. కొత్త సంస్థ ఒకటి ఆ టైమ్‌టేబుల్‌ని తిరిగి తెస్తోంది. అమెరికాలో దూరప్రాంత ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ పూర్తి టైమ్‌టేబుల్ 2016తో ఆగింది. జపాన్‌లో మాత్రం 1925లో మొదలైన నెలవారీ టైమ్‌టేబుల్ ఇప్పటికీ అచ్చవుతోంది. ఇప్పుడు బండి వేళ మారితే సర్వర్లో పాత అంకె మీద కొత్త అంకె పడుతుంది, పాతది ఎక్కడా మిగలదు. అందుకే కొందరు సేకర్తలు రవాణా సంస్థలు విడుదల చేసే డేటా ఫైళ్లను తేదీలవారీగా దించి దాచుకోవడం మొదలుపెట్టారు. కాగితం సంచికల వేట కూడా కొంచెం మారింది. ఇదే ఆఖరు అని తెలిసిన సంచికను జనం గుర్తుగా కొని దాచుకుంటారు కాబట్టి అది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దానికి ముందు సంచికను మాత్రం ఎప్పటిలాగే గడువు తీరగానే పారేశారు. వెతకాల్సింది దాని కోసం.